నర్సమ్మ తొలి కొలువు

పల్నాడు పేరు చెప్పగానే ఎవరికైనా జ్ఞాపకం వచ్చేవి కారంపూడి రణరంగం, బ్రహ్మనాయుడి చాపకూడు, బాలచంద్రుడి పౌరుషం. వాటన్నిటికంటె ముందు నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల యేళ్ళ క్రితం ఒక ఆడమనిషి మంత్రిత్వం నెరపి, గురజాల రాజ్యాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకున్నదని మా పల్నాటివాళ్ళం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. అదే పల్నాట్లో, ఒక తరం క్రితం వరకూ, ఇంట్లో ఆడపిల్ల "నర్సు ట్రెయినింగుకు వెళతాను" అంటే తల్లి మొగం చిన్నబోయేది. తండ్రి సమాధానం చెప్పకుండా కండువా దులుపుకొని వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు కాలం మారింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల, వినుకొండ - ఎక్కడ చూసినా ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, డాక్టరు సీటు అందని పిల్లలు నాలుగేళ్ళ బి.యస్సీ. నర్సింగులో చేరుతున్నారు. మూడేళ్ళ జి.యన్.యం. కోర్సులో చేరేవారూ ఉన్నారు. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా. మిరపకాయ ధర పలికిన సంవత్సరం ఫీజు కట్టి, పలకని సంవత్సరం అప్పు చేసి చదివిస్తున్నారు తల్లిదండ్రులు.

చదువు పూర్తవుతున్నది. చిక్కంతా ఆ తర్వాత వస్తున్నది. దేశంలో నర్సులు చాలరని పెద్దలు సభల్లో చెబుతారు. డిగ్రీ చేతపట్టుకున్న పిల్ల మాత్రం ఆస్పత్రి వెంట ఆస్పత్రి తిరుగుతూ ఉంటుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయి? ఇంట్లో ఆడపిల్లను ఈ చదువుకు పంపినవారూ, పంపాలనుకునేవారూ తెలుసుకోవలసిన సంగతి ఇదే.

వెనకటి కథ

నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి. కనుక మాట దగ్గర కాసేపు ఆగనిదే ముందుకు పోలేను. ఇంగ్లీషువారి "నర్సు" అనే మాటకు మొదటి అర్థం పాలిచ్చి పెంచేది అని. మన "దాది"కీ అదే అర్థం. సంస్కృతంలోని "ధాత్రి" నుంచి వచ్చిన మాట అది. ధాత్రి అంటే భూమి కూడాను. మాటకు ఇంత గౌరవం ఉన్నా, మనిషికి మాత్రం దొరకలేదు. పురుడు పోసిన మంత్రసానికి ఆ పది రోజులే పీట. పురిటి స్నానం కాగానే ఆమె మళ్ళీ వీధి గుమ్మం అవతలి మనిషే.

1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. లూథరన్ మిషన్ తరఫున వచ్చిన ఈమె ఆడవారికీ, పిల్లలకూ వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆస్పత్రి తెరిచారు. గుంటూరువారు కుగ్లర్ ఆస్పత్రి అని పిలుచుకునేది దాన్నే. మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడానికి కూడా మన ఆడవారు ఒప్పుకోని రోజులవి. అయితే డాక్టరమ్మ ఒక్కతే వచ్చి చూసిపోతే చాలదు గదా! రాత్రింబగళ్ళు మంచం పక్కన నిలబడే మనిషి కావాలి. ఆ మనిషిని ఇక్కడే తయారు చేసుకోవాలి. మిషన్ ఆస్పత్రుల్లో నర్సుల శిక్షణ ఆ అవసరంలోంచే పుట్టింది. మా పల్నాట్లో, ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో కూడా లూథరన్ మిషన్‌వారు ఆస్పత్రి నడిపారు.

ఆ పనికి ముందుగా వచ్చినవారు క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. వారిలో చాలామంది, సంఘం అంటరానివారని దూరంగా నెట్టిన ఇళ్ళనుంచి వచ్చినవారే. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని పిల్ల, పెద్దింటి బాలింతకు తన చేత్తో మందు తాగించింది. ఈనాడు ఈ ఉద్యోగానికి ఉన్న మర్యాద ఆ పిల్లలు సంపాదించి పెట్టిందే. ఈ సంగతి మరచిపోతే కృతఘ్నత అవుతుంది.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం చేశారు. 1946లో వెల్లూరులోనూ, ఢిల్లీలోనూ నర్సింగులో డిగ్రీ చదువు ప్రారంభమైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 2023లో దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ ఉండాలని పార్లమెంటు మరో చట్టం చేసింది. 1946లోనే భోర్ కమిటీవారు ఒక లెక్క తేల్చారు. అప్పటికి మనదేశంలో 43 వేల మందికి ఒక నర్సు. ఉండవలసింది 500 మందికి ఒకరు!

అవసరం వేరు, ఉద్యోగం వేరు

అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. ఇప్పుడు రిజిస్టరైన నర్సులు వెయ్యిమందికి సుమారు ఇద్దరున్నారు. ముగ్గురుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. ఆ సంస్థే 2020లో వెలువరించిన నివేదికలో ప్రపంచమంతటా 2 కోట్ల 79 లక్షలమంది నర్సులున్నారనీ, ఇంకా 59 లక్షలమంది కావాలనీ చెప్పింది. ఇది చదివినవారికి నర్సింగు చదివిన పిల్లకు ఉద్యోగం ఇంటికి నడిచి వస్తుందనిపిస్తుంది.

కాని అవసరం ఉన్నంతమాత్రాన ఉద్యోగం పుట్టదు. ఆ అవసరానికి ఎవరో ఒకరు జీతం పెట్టాలి. మాటవరసకు ముప్పై పడకల ఆస్పత్రి తీసుకోండి. బోధనాస్పత్రులు కానిచోట ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. సెలవుల కోసం నూటికి ముప్పై చొప్పున అదనం. అంటే ఆరుగురూ, మరో ఇద్దరూ. చాలా చిన్న ఆస్పత్రుల్లో శిక్షణ పొందిన నర్సులు ఒకరిద్దరు కనిపిస్తే గొప్ప. మిగతావారు పదో తరగతి దాకా చదివి, పనిలో చేరి, చూసి చూసి సూది వెయ్యడం నేర్చుకున్న పిల్లలు. వారిని తప్పుపట్టి లాభం లేదు. వారూ మన ఊళ్ళ పిల్లలే, వారికీ పొట్ట ఉన్నది. కాని "నర్సింగ్ హోం" అని బోర్డు ఉన్నచోట చదివిన నర్సు లేకపోతే దెబ్బ తినేది ఇద్దరు: మంచం మీది రోగి, గుమ్మం బయట దరఖాస్తు పట్టుకొని నిలబడ్డ పిల్ల.

ఇక పెద్ద ఆస్పత్రులకు వెళితే అక్కడ అడిగే మొదటి మాట: "ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అని మనకొక సామెత ఉన్నది. ఉద్యోగం దొరికితే గాని అనుభవం రాదు. అనుభవం ఉంటే గాని ఉద్యోగం దొరకదు. నిన్నటిదాకా విద్యార్థినిగా వార్డులో తిరిగిన రోజులు ఆ లెక్కలోకి రావట. ఈ బలహీనత పట్టుకొనే కొందరు కొత్తపిల్లల చేత చవకగా పని చేయించుకుంటారు.

మా మేనకోడలి సంగతి

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. మా అక్కయ్యగారిది గురజాల దగ్గర ఒక పల్లె. బావగారు మిరప, పత్తి వేస్తారు. వారి అమ్మాయి బి.యస్సీ. నర్సింగ్ పాసై, రాష్ట్ర నర్సుల, మిడ్‌వైఫ్‌ల కౌన్సిల్లో పేరు రిజిస్టరు చేయించుకొని, ఒక పట్నంలో పేరున్న ప్రైవేటు ఆస్పత్రికి ఇంటర్‌వ్యూకు వెళ్ళింది. మూడు ఖాళీలకు నలభైమంది పిల్లలు వచ్చారట. ఇది ఎంపికైంది. ఆ సంతోషం పట్టుమని గంటైనా నిలవలేదు. మధ్యాహ్నం నేను క్లాసు ముగించి బయటికి వస్తూండగా ఫోను.

"మావయ్యా, జీతం పదకొండు వేలంట. హాస్టలుకు మూడు వేలు పట్టుకుంటారంట. రెండేళ్ళు మానకూడదు, మానితే లక్ష కట్టాలని బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ళ దగ్గరే పెట్టాలంట. ఇమ్మంటావా?"

"సంతకం పెట్టేముందు ఆ కాయితం ఇంటికి తెచ్చుకోనిస్తారేమో అడుగమ్మా. అందరం చదివి చూద్దాం."

"అడిగా మావయ్యా. బయటికి ఇవ్వరంట. ఇప్పుడే తేల్చి చెప్పమంటున్నారు."

ఆ పిల్ల తేల్చే చెప్పింది. ఒరిజినల్సు ఇవ్వనని చెప్పి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి నేనూ వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇల్లంతా మౌనం. బావగారు అన్నం ముందు కూర్చొని, "ఇంటిదాకా వచ్చిన లక్ష్మిని కాలదన్నుకొని వచ్చింది నీ మేనకోడలు" అన్నారు. ఆయన బాధ ఆయనది. నాలుగేళ్ళ ఫీజుల అప్పు ఇంకా తీరలేదు. అక్కయ్య, "కాయితాలేగా, మన బీరువాలో ఉండే బదులు వాళ్ళ బీరువాలో ఉంటాయి. రెండేళ్ళు ఎంతలో తిరిగివస్తాయి?" అన్నది.

పిల్ల నెమ్మదిగా వాళ్ళ నాన్నను అడిగింది. "నాన్నా, పొలం కౌలుకిచ్చేటప్పుడు పాసుబుక్కు కూడా కౌలుదారు చేతిలో పెడతావా?"

బావగారు ముద్ద చేతిలో పట్టుకొని అట్లాగే ఉండిపోయారు. తర్వాత, "పెరుగు వెయ్యి" అన్నారు మా అక్కయ్యతో. ఆ మాటతో ఆ తగాదా ముగిసింది.

బాండు సంగతి

మా పిల్ల అడిగిన ప్రశ్న దేశంలో చాలామంది నర్సులు అడిగిందే. 2011లో ముంబయి, ఢిల్లీ నగరాల్లో ప్రైవేటు ఆస్పత్రుల నర్సులు పని మానేసి వీధిలోకి వచ్చారు. వారి ముఖ్యమైన కోరికలు బాండు పద్ధతి పోవాలని, పట్టి ఉంచిన సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలని, జీతం మనిషి బ్రతికేట్టుగా ఉండాలని. బాండు పద్ధతి తగదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా చెప్పింది.

జీతాల తగాదా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వెళ్ళినవారు 1908 నుంచి నర్సుల తరఫున పనిచేస్తున్న ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వారు. 2016 జనవరి 29న కోర్టు ఒక సంఘాన్ని వెయ్యమన్నది. ఆ సంఘం చెప్పిన లెక్క ప్రతి ఇంట్లోనూ తెలియవలసినది. రెండు వందల పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి, ఆ రాష్ట్ర ప్రభుత్వం తన నర్సుకు ఇచ్చేదానితో సమానంగా ఇవ్వాలి. నూరు దాటితే దానికంటె నూటికి పదికి మించి తగ్గకూడదు. యాభై నుంచి నూరు పడకల ఆస్పత్రి ఇరవైఐదుకు మించి తగ్గించకూడదు. యాభైకి లోపు పడకలున్నా సరే, నెలకు 20 వేలు తగ్గకూడదు. ఇవి సిఫారసులు. అమలు చెయ్యడం రాష్ట్రాల పని. కేరళ 2018లో కనీసవేతనాల ఉత్తర్వు వేసి, అడుగు జీతం 20 వేలుగా నిర్ణయించింది. దాని వెనక అక్కడి నర్సుల ఐకమత్యమూ, యేళ్ళ తరబడి సాగిన ఆందోళనా ఉన్నాయి. మనవైపు పిల్లలకు ఈ సిఫారసులు ఉన్న సంగతే చాలామందికి తెలియదు. తెలియని హక్కు పాతిపెట్టిన లంకెబిందె వంటిది. ఉన్నా అక్కరకు రాదు.

ముందున్న దారులు

కొత్తగా చదువు ముగించిన పిల్లకు దారులే లేవా అంటే, ఉన్నాయి.

ఒకటి పల్లెలోనే ఉన్నది. 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కింద ఊళ్ళలోని ఆరోగ్య ఉపకేంద్రాలను పెంచి, బి.యస్సీ. నర్సింగ్ చదివినవారిని వాటికి నియమించే ఏర్పాటు వచ్చింది. మన రాష్ట్రంలో వీరిని ఎం.ఎల్.హెచ్.పి.లని పిలిచారు. రక్తపోటు, చక్కెర చూడడం, గర్భిణీలను కనిపెట్టి ఉండడం, అవసరమైతే తెరమీద డాక్టరుతో రోగిని మాట్లాడించడం వీరి పని. కాంట్రాక్టు ఉద్యోగమే, పర్మినెంటు కాదు. కాని పక్క ఊళ్ళో ఉండి, తన భాషలో, తన మనుషులకు చేసే పని. పొలంలో మందు కొట్టి కళ్ళు తిరిగి పడిపోయినవాణ్ణి మొదట తీసుకువచ్చేది అక్కడికే.

రెండోది పరీక్ష దారి. ఎయిమ్స్ ఆస్పత్రుల నర్సుల కోసం 2020 నుంచి నార్సెట్ అనే పరీక్ష పెడుతున్నారు. మన మంగళగిరిలోనూ ఎయిమ్స్ ఉన్నది. ఇందులో ఒక కిటుకు ఉన్నది. జి.యన్.యం. చదివినవారికి యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ళ అనుభవం కావాలి. బి.యస్సీ. వారికి ఆ నిబంధన లేదు. చదువు ముగిసి, రిజిస్ట్రేషన్ రాగానే కూర్చోవచ్చు. ఏడో వేతన సంఘం లెక్క ప్రకారం మూలవేతనమే 44,900 రూపాయలు. అనుభవం లేదని పదకొండు వేలు చూపించినవారు ఈ సంగతి చెప్పరు. పోటీ ఎక్కువే. కాని గురజాల పిల్లకూ, ఢిల్లీ పిల్లకూ ప్రశ్నపత్రం ఒక్కటే.

మూడోది పై దేశాల దారి. జర్మనీ వెళ్ళాలంటే వాళ్ళ భాష బి2 అనే మెట్టుదాకా నేర్వాలి. గల్ఫ్ ఆస్పత్రులు సాధారణంగా రెండేళ్ళ అనుభవం అడుగుతాయి. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో అటువంటి సంస్థ ఓంక్యాప్. బజారులో బల్ల వేసుకొని వీసా ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ణి నమ్మే ముందు ఈ మాట జ్ఞాపకం చేసుకోండి.

ఒక చిన్న చిక్కు కూడా చెప్పాలి. మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్.టి.ఆర్. నుంచి వై.యస్.ఆర్.గా మారి, 2024లో మళ్ళీ ఎన్.టి.ఆర్. అయింది. నడుమ చదివినవారి కాయితాల్లో ఒకదాంట్లో ఒక పేరు, ఇంకొకదాంట్లో ఇంకొక పేరు కనబడవచ్చు. ఊరుగానివారికి దరఖాస్తు పెట్టేటప్పుడు, ఈ రెండూ ఒకే విశ్వవిద్యాలయమని ఒక వాక్యం వ్రాసి జతచేయడం మంచిది.

మొదటి రాత్రి డ్యూటీ

ఇంతకూ మా మేనకోడలు ఏమైందని అడుగుతారు. మూడువారాల తర్వాత నరసరావుపేటలో ఒక మధ్యరకం ఆస్పత్రిలో చేరింది. పదమూడు వేలు. కోర్టు సంఘం చెప్పినదానికి ఎంతో తక్కువే. కాని జీతం, డ్యూటీ వేళలు, వారానికి సెలవు, అన్నీ కాయితం మీద వ్రాసి ఇచ్చారు. ఒరిజినల్సు చూసి, నకళ్ళు ఉంచుకొని, తిరిగి ఇచ్చేశారు. అన్నిటికంటె ముఖ్యం, అక్కడ ముప్పై యేళ్ళ అనుభవమున్న పెద్ద నర్సు ఒకామె ఉన్నారు. గుంటూరు మిషన్ ఆస్పత్రిలో శిక్షణ పొందినామె. మొదటి రాత్రే ఆమె ఈ పిల్లను కూర్చోబెట్టి, "అనుమానం వస్తే అర్ధరాత్రయినా నన్ను లేపు. సిగ్గుపడి తెలియని మందు మాత్రం ఎక్కించకు" అని చెప్పారట. అనుభవం అంటే అది. అది నేర్పే మనిషి ఉన్నచోట రెండు వేలు తక్కువైనా నష్టం లేదు. నేర్పేవారు లేనిచోట కొత్తపిల్లను ఒంటరిగా ఇరవై మంచాలకు కాపలా పెడితే, జీతం ఎక్కువైనా ప్రమాదమే.

ఆ పిల్ల పగలు నిద్రపోయి లేచి నార్సెట్ పుస్తకం ముందు పెట్టుకుంటున్నది. బావగారు మిరపకాయ బస్తాలతో గుంటూరు యార్డుకు పోయి వచ్చేటప్పుడు నరసరావుపేటలో దిగి, కూతురికి ఇంటినుంచి తెచ్చిన పచ్చడి జాడీ ఇచ్చి పోతారు. మొన్న దిగినప్పుడు వార్డులో ఎవరో ముసలమ్మ, "నర్సమ్మా, దాహంగా ఉంది తల్లీ" అని పిలవడం విన్నారట. "తల్లీ అన్నదయ్యా, మా దాన్ని!" అని నాతో రెండుసార్లు చెప్పారు.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. పెళ్ళిసంబంధం వస్తే పిల్లవాడి పొలమెంత, అలవాట్లేమిటి, అత్తగారి స్వభావమెట్లాంటిదని పది ఊళ్ళు తిరిగి విచారిస్తారు. అమ్మాయి తొలి ఉద్యోగానికీ అందులో నాలుగోవంతు విచారణ చెయ్యండి. నియామకపు కాయితం ఇస్తారా? ఒక్కొక్క డ్యూటీకి ఎంతమంది రోగులు? రాత్రిపూట పైన చదివిన పెద్ద నర్సు ఉంటుందా? డ్యూటీ దిగిన పిల్ల ఇంటికో, హాస్టలుకో ఎట్లా చేరుతుంది? సర్టిఫికెట్లు చూపి తెచ్చుకోవడమా, ఇచ్చి రావడమా? ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయపడకండి. అడిగినందుకు పోయే ఉద్యోగం, చేరిన తర్వాత నిద్రపోనివ్వదు.

మరొక మనవి అందరికీ. రేపు మీలో ఎవరైనా మీవారిని ఆస్పత్రిలో చేర్చవలసి వస్తే, డాక్టరుగారి పేరు అడిగినట్టే, "రాత్రి ఈ వార్డులో చదివిన నర్సులు ఎందరుంటారండీ?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న పదిమంది అడిగితే ఆస్పత్రివారు సమాధానం వెతుక్కోక తప్పదు. ఆ సమాధానం, దరఖాస్తు చేతపట్టుకొని గుమ్మంలో నిలబడే ఉన్నది.